కుడి చెవిలో పిలిచారు

పొద్దున్న పూట ఆసుపత్రి వెనక వరండా చల్లగా ఉండేది. ఫినాయిలుతో కడిగిన గచ్చు ఆరగానే డాక్టరు జ్ఞానానందం గారు తానే వంగి సుద్దముక్కతో గుండ్రంగా గీత గీసేవారు. అందులో మా ఆయన్ని నిలబెట్టి, కళ్లకి గుడ్డ కట్టి, చేతులు ముందుకి చాపమని, ఉన్నచోటే కాళ్లెత్తి అడుగులు వెయ్యమనేవారు. నేను స్తంభానికి ఆనుకుని కూచుని చూసేదాన్ని. ఏడేళ్ల మా తాయారు నా పక్కన నిలబడి నవ్వు ఆపుకునేది. తండ్రి కళ్లగంతలాట ఆడుతున్నాడని దాని సంబరం.

మా ఆయన పేరు సోములు. ఇప్పుడు గడగడా చెప్పేస్తున్నాను గానీ, ఆ రోజుల్లో ఆ పేరు నా నోట వచ్చేది కాదు. మొగుడి పేరు పెళ్లాం పలికితే అతనికి ఆయుష్షు తగ్గుతుందని మా అమ్మ నాలిక మీద వాత పెట్టినంత పని చేసి నేర్పింది. నేను పలక్కుండానే అతని ఆయుష్షు అయిపోయింది. ఆ ముచ్చటా తీరింది.

అతను సాలూరులో లారీ డ్రైవరు. ఘాటు రోడ్డెక్కి ఒరిస్సా వైపు లోడు దించి వచ్చేవాడు. చిన్నప్పట్నుంచీ కుడి చెవిలోంచి చీము కారేది, పట్టించుకున్న పాపాన పోలేదు. అరవై ఎనిమిది చివర్లో జ్వరం తగిలి, ఇల్లంతా గిర్రున తిరిగిపోతోందని మంచం పట్టె వదలకుండా పడుకున్నాడు. జ్వరం దిగింది గానీ కుడి చెవి చచ్చిపోయింది. చెవి పోతే పోయింది, నడకెందుకు పాడయిందో మాకు అర్థం కాలేదు. వెలుతురు ఉన్నంతసేపూ బాగానే నడిచేవాడు. చీకటి పడితే కుడి పక్కకి కొట్టుకుపోయేవాడు.

డాక్టరు గారు చేసే పరిశోధన సరిగ్గా దాని మీదే. ఆయన చాలా నెమ్మదిగా, బడిపిల్లలకి చెప్పినట్టు చెప్పేవారు.

"చెవి వినడానికే అనుకుంటారమ్మా. మనిషిని నిలబెట్టేది కూడా చెవే. రెండు చెవులూ చెరో వైపు నుంచీ పట్టుకుని ఉంటాయి. ఒకటి చచ్చిపోతే మనిషి ఆ వైపుకి పోతాడు. కళ్లు తెరిచి ఉంటే సర్దుకుంటాడు. చీకట్లో సర్దుకోలేడు."

మా ఆయన గేటు వైపు మొహం పెట్టి మొదలుపెట్టేవాడు. గుడ్డ విప్పేసరికి కుడి పక్క గోడకి ఎదురుగా ఉండేవాడు. తను కదల్లేదనే వాదించేవాడు పాపం. డాక్టరు గారు నవ్వి, అడుగులు ఎక్కడి దాకా పోయాయో సుద్దతో గుర్తు పెట్టేవారు. గోడ పట్టుకుని నడవమనీ, బొటనవేలి మీంచి చూపు తియ్యకుండా తల అటూ ఇటూ తిప్పమనీ నేర్పారు. రోజూ సాధన చేస్తే మెదడు నేర్చుకుంటుందట. పక్కకి పోవడం రోజురోజుకీ తగ్గుతుందట. నిజంగానే తగ్గింది. గుర్తులు గోడ దగ్గర్నుంచి గేటు వైపుకి జరుగుతూ వచ్చాయి. చీము తగ్గడానికి సూదులు పొడిచారు. వచ్చినప్పుడల్లా ఒక డబ్బా పాలపొడి ఇచ్చి పంపారు. గీతలో నిలబడే వాళ్లలో సగం మంది ఆ పాలపొడికే వచ్చేవారు, అబద్ధమెందుకు. చివరి నెల మాత్రం నన్ను రావద్దని ఒక్కడే వెళ్లేవాడు.

ఈ సంగతి బయటికి పొక్కకూడదని మా ఆయన నా చేత ఒట్టేయించుకున్నాడు. ఒక చెవి లేనివాడికి, చీకట్లో తూలేవాడికి లారీ ఎవడిస్తాడు? తోడబుట్టిన అన్న ఎల్లాజీ బావ మా పక్కింట్లోనే ఉంటాడు. అతనికి కూడా చెప్పలేదు. ఎవరైనా కుడి పక్కనుంచి పిలిస్తే పలికేవాడు కాదు. సోములుకి పొగరెక్కిందని వీధిలో అనుకునేవారు. నేను మాత్రం ఎడమ పక్కనే కూచుని మాట్లాడేదాన్ని, ఎడమ పక్కనే పడుకునేదాన్ని.

లారీ ఓనరుకి ఈ సంగతులేవీ పట్టవు. వానలు మొదలవగానే రాత్రి లోడు అన్నాడు. వద్దు మావా అని మా ఆయన కాళ్లు పట్టుకున్నాను.

"లారీకి దీపాలుంటాయి కదే," అన్నాడు.

లారీకి ఉంటాయి. దిగితే ఏవుంటాయి? ఘాటు మీద టైరు చూద్దామని దిగాడట. వెనక వచ్చిన లారీ వాళ్లు ఇంజను తిరుగుతూనే ఉండడం, తలుపు తెరిచి ఉండడం చూశారట. మనిషి కింద లోయలో దొరికాడు. మర్నాడు టార్పాలిన్‌లో చుట్టి తెచ్చి మా అరుగు మీద పెట్టారు. తాయారు దగ్గరికెళ్లి ఎడమ చెవిలో నోరు పెట్టి ఏదో చెప్పబోయింది. ఎవరో లాగేశారు.

మా వైపు ఆడవాళ్లం వీధి చివర ఆగిపోతాం. శ్మశానానికి వెళ్లం. దార్లో శవాన్ని దించుతారు కదా, చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలవడానికి... ఆ పని పెద్దవాడు గనక ఎల్లాజీ బావ చేశాడు. స్నానం చేసి తడిబట్టతో వచ్చి గుమ్మంలో నిలబడ్డప్పుడు నాకు ఎక్కడ్నుంచి తోచిందో గానీ అడిగాను.

"ఏ సెవిలో పిలిసినావు బావా?"

"అదేటి అడుగుడే? కుడి సెవిలోనే. మనింట్లో ఆనవాయితీ అదే కదా."

"ఆ సెవి ఎప్పుడో సచ్చిపోనాది బావా. మీ తమ్ముడికి ఆ పక్క ఇనపడదు."

బావ నా మొహం వంక చూశాడు. దుఃఖంలో ఏదో వాగుతున్నానని అనుకున్నాడు. "తొంగో ఎల్లి," అని వెళ్లిపోయాడు.

ఆ పిలుపు ఎందుకో మా అమ్మమ్మ నాకు చిన్నప్పుడే చెప్పింది. ప్రాణం ఏ మూలనో ఉంటే లేచి వస్తాడని ఒక ఆశ. రాకపోతే, పోయినవాడు పలుకుదామని చూసి, నోరు పెగలక, అప్పుడు తెలుసుకుంటాడట తను పోయానని. తెలిసినవాడు తన దారిన పోతాడు. మా ఆయనకి పిలుపే వినబడలేదు. పలుకుదామని చూడనే లేదు. ఇంక తెలిసేదెలాగ? ఒంటిమీద మంట పడుతున్నా డ్యూటీ అయింది, ఇంటికి పోవాలనే అనుకుని ఉంటాడు. ఈ ఆలోచన నా బుర్రలో దూరింది. దూరింది మరి వదల్లేదు.

మా వీధిలో ఇళ్లన్నీ ఒకే వరస. ఎదురుగా లారీలు నిలిపే ఖాళీ జాగా, దాని అవతల ఘాటు రోడ్డు. రోడ్డు మీంచి తిన్నగా నడిస్తే మా గుమ్మం. అలా వచ్చేవాడికి కుడి పక్క ఎల్లాజీ బావ ఇల్లు, దాని పక్కన తాతమ్మ అనే ముసలమ్మ ఇల్లు, ఆ చివర అసిరయ్య పంచర్లు వేసే రేకుల కొట్టు.

మూడోనాడు అనుకుంటాను. దీపాలు పెట్టే వేళ. సన్నగా జల్లు పడుతోంది. ఇంకా ఎవరూ అన్నాలకి కూర్చోలేదు. అసిరయ్య కొట్టు రేకుల మీద అరచేత్తో కొట్టిన చప్పుడు మా ఇంటి దాకా వినబడింది. మెల్లగా, అలిసిపోయిన మనిషి కొట్టినట్టు. లారీ ఏదో ఆగిందనుకుని అసిరయ్య తలుపు తీశాడట. ఎవరూ లేరు. డీజిలు వాసన, తడి బురద వాసన... అంతే. తలుపు వెయ్యబోతే భూమి గిర్రున తిరిగి బోర్లా పడ్డాడు. పొద్దున్న చూస్తే వాంతుల్లో పొర్లుతున్నాడు. కళ్లగుడ్లు ఒక పక్కకే కొట్టుకుంటున్నాయి.

తాగి ఉంటాడనుకున్నారు. నేనూ అదే అనుకున్నాను. ఆ సాయంత్రమే తాతమ్మ వంతు వచ్చింది.

తాతమ్మ అడుగులు కూడా వింది. ఒక అడుగు తేలిగ్గా, రెండోది ధబ్బుమని. కింద నేల ఉందో లేదో తెలుసుకోవడానికి మా ఆయన కుడికాలు అలా గట్టిగా వేసేవాడు. ఖాళీ జాగాకి అడ్డంగా నడిచి వచ్చి గుమ్మం ముందు ఆగిందట. "తలుపు తియ్యే," అన్నదట మగగొంతు. కొడుకు నరసన్నపేట నుంచి వచ్చాడనుకుని తీసింది ముసల్ది. అలాగే గడప మీద కూలిపోయింది.

ఇద్దర్నీ ఎడ్లబండిలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. తాతమ్మకి ఊళ్లో ఎవరూ లేరని నేనే బండి వెనక నడిచాను. జ్ఞానానందం గారు వాళ్ల చెవుల్లో చన్నీళ్లు పోసి, కళ్లు చూసి, లేపి నిలబెట్టి రెండడుగులు వేయించారు. ఇద్దరూ కుడి పక్కకే ఒరిగారు.

"ఒకే వీధిలో, రెండు రోజుల్లో రెండు కేసులు," అన్నారు. కళ్లద్దాలు తుడుచుకుంటున్నారు. ఆ మొహంలో బాధ లేదు. పండగ సరుకు చవగ్గా దొరికినవాడి మొహం అది. నాకు ఒళ్లు మండిపోయింది. కానీ ఏమనగలం? ఏమన్నా అంటే ముసల్దానికి మంచం ఇవ్వరు.

ఇంటికి వస్తూ ఉంటే నాకు తట్టింది. మొదటి రోజు చివరి కొట్టు. రెండో రోజు దాని పక్కిల్లు. పక్కకి పోవడం తగ్గుతోంది. గచ్చు మీద సుద్ద గుర్తులు జరిగినట్టే జరుగుతోంది. తను ఇంటికే వస్తున్నాననుకుంటూ వస్తున్నాడు. చీకట్లో ఆ చచ్చిన చెవి పక్కకి లాగేస్తోంది. అయినా నేర్చుకుంటున్నాడు. డాక్టరు గారు అంత బాగా నేర్పించి పంపారు.

తలుపు తీసిన ముసల్దే అలా అయితే, పరిగెత్తుకెళ్లి మెడ పట్టుకునే తాయారు ఏమవుతుంది? లారీ హారను వినబడితే చాలు, అది కంచం వదిలేసి వీధిలోకి ఉరికేది. తండ్రి గొంతు వింటే ఆగుతుందా? పిల్లని పొందూరు మా అమ్మ దగ్గరికి పంపేద్దామా అంటే మైల. పెద్దదినం అయ్యేదాకా ఎవరూ గడప తొక్కనివ్వరు, సొంత అమ్మయినా సరే. నా దగ్గరే పెట్టుకోవాలి. అతను ఇల్లు చేరే లోపల ఏదో ఒకటి చెయ్యాలి.

ఎల్లాజీ బావ దగ్గరికి వెళ్లాను.

"మళ్లీ పిలు బావా. ఈపాలి ఎడమ సెవిలో."

"కాలిపోయినోడికి సెవేటే, నీకు మతి పోనాదా?"

"ఇయ్యాల నీ గుమ్మంలోకే వస్తాడు. సూసుకో."

వచ్చాడు. ఆ సాయంత్రం గోడ అవతల నుంచి నేను అన్నీ విన్నాను. అడుగులు. తలుపు మీద అరచెయ్యి. "అన్నా..." అని ఒక్క పిలుపు. బావ పలకలేదు. చాలాసేపటికి అడుగులు వెనక్కి పోయాయి. తెల్లారి వెళ్లి చూస్తే పెద్దమనిషి గోనెసంచులు మీద కప్పుకుని మూల కూచున్నాడు.

"ఒచ్చినాడే. మా సోములు గొంతే."

"పలక్కపోనావా? సెవిలో నోరెట్టి పిలవాల్సింది నువ్వు కదా? కుడి ఎడమా తెలవకండా పిలిసినోడివి నువ్వు కదా?"

"నా వల్ల కాదే దాలమ్మా. నాను సచ్చిపోతాను."

"నీ పేనం అంత తీపా? మరి నా గుంట తాయారు పేనం?"

గోనెసంచి మొహం మీదికి లాక్కున్నాడు. ఊళ్లో పంచాయితీలు చెప్పే నోరు అది. అయితే ఇంక మిగిలింది నేను. పెళ్లాం మొగుణ్ణి పేరు పెట్టి పిలవకూడదు. అందులోనూ శవాన్ని. పిలిస్తే పాపమట. నాకు నవ్వొచ్చింది. ఇంక ఆ మనిషికి తగ్గడానికి ఆయుష్షు ఎక్కడుంది గనక?

ఆ సాయంత్రం వాన జోరందుకుంది. తలుపు తెరిచే పెట్టాను. గూట్లో దీపం పెట్టి, తాయారుని చంకనెత్తుకుని గడపకి లోపల నిలబడ్డాను. ఏడేళ్ల పిల్ల బరువే. దింపితే పరిగెడుతుందని భయం.

"నాన్న గొంతు ఇనపడితే పలకమాక," అన్నాను చెవిలో.

"అమ్మా..." అంది అది. "అమ్మా, సెప్తాను ఇను..."

"ఏటీ సెప్పొద్దు."

నోటి మీద చెయ్యి పెట్టి గట్టిగా నొక్కాను. దాని ముక్కులోంచి వేడి ఊపిరి నా వేళ్లకి తగులుతోంది.

రోడ్డు వైపు నుంచి వినబడింది.

ఒక అడుగు తేలిగ్గా. రెండోది ధబ్... మళ్లీ తేలిగ్గా. ధబ్... నీళ్లలో వేస్తున్న చప్పుడు. ఈసారి పక్కకి పోలేదు. తిన్నగా వస్తోంది. లారీల మధ్యలోంచి... బావ అరుగు వైపు మళ్లకుండా... వాన పడుతున్నా డీజిలు వాసన ముందే వచ్చేసింది. దాని వెనక ఇంకో వాసన, రోజుల తరబడి మూసిన గదిది. గూట్లో దీపం రెపరెపలాడి ఆరిపోయింది.

గడప ముందు ఆగింది.

ఏమీ కనబడలేదు. వాన ఒక మనిషి వెడల్పున నా మీద పడడం మానేసింది. అంతే. అక్కడ ఎవరో ఉన్నారని దాన్ని బట్టే తెలిసింది. తాయారు నా చంకలో గింజుకుంటోంది. నా అరచేతిని కొరికింది. వదల్లేదు. ఎదురుగా నిలబడ్డ మనిషి ఎడమ చెవి నా కుడిచేతి పక్కకి వస్తుంది కదా... అటు వంగాను. చెంపకి చల్లగా తగిలింది. నాకు ఏడుపొచ్చింది. అంత భయంలో కూడా, నా మొగుడి పక్కన నిలబడ్డానని ఏడుపొచ్చింది.

"సోములూ," అన్నాను.

చప్పుడు లేదు.

"సోములూ..."

ఎవరో ఊపిరి లోపలికి పీల్చారు. నా చెవి పక్కనే.

"సోములూ... నువ్వు పోనావు మావా. ఇంక ఎల్లిపో..."

"ఊఁ," అంది.

పలికింది. పలకలేకపోవాలి కదా, అనిపించింది ఒక్క క్షణం. మరుక్షణం వాన మళ్లీ నా మొహాన కొట్టింది. ముందున్న చలి పోయింది. నేను తలుపు వేసి గడియ పెట్టి, పిల్లని పట్టుకుని అలాగే కింద కూలబడ్డాను. విన్నాడు, తెలిసింది, వెళ్లిపోయాడు అని నా మనసుకి నేనే చెప్పుకున్నాను. వెళ్తున్న అడుగుల చప్పుడు వినబడలేదు. వానలో ఏం వినబడుతుందిలే అనుకున్నాను.

తర్వాత ఏ సాయంత్రమూ ఎవరూ తలుపు కొట్టలేదు. పెద్దదినం జరిగిపోయింది. ఎల్లాజీ బావ వచ్చి భోజనం చేసి, వీధిలో నలుగురికీ తమ్ముణ్ణి తనే సాగనంపినట్టు చెప్పుకున్నాడు. చెప్పుకోనీ. నాకు కావలసింది నా పిల్ల. అది నాకు దక్కింది.

తాయారు మాత్రం మాట తగ్గించేసింది. తండ్రి కోసం ఏడవడం కూడా మానేసింది. నేను పొయ్యి దగ్గర కూచుంటే నా వీపుకి ఆనుకుని నిలబడేది. నేను లేస్తే అదీ లేచేది, ఎప్పుడూ నా వెనకే. దిగులు పడిందని అనుకున్నాను. నాలుగు రోజులు పోతే మామూలైపోతుందనుకున్నాను.

తాతమ్మని చూడాలని ఒకనాడు పొద్దున్నే ఆసుపత్రికి వెళ్లాను. తాయారు రానంది. తిని ఆడుకోమని, బావ పెళ్లాన్ని ఒక కన్నేసి ఉంచమని చెప్పి వెళ్లాను. వరండాలో జ్ఞానానందం గారు కనబడ్డారు.

"సోములు విషయం తెలిసి చాలా బాధపడ్డాను దాలమ్మా," అన్నారు.

ఆ మాటతో నా నోరు తెరుచుకుంది. కడుపులో ఉన్నదంతా కక్కేశాను. మీరు నేర్పిన నడకతోనే చచ్చినవాడు ఇల్లు వెతుక్కున్నాడనీ, కుడి పక్కకి పోతూ పోతూ, రోజుకింత సర్దుకుంటూ నా గుమ్మం దాకా వచ్చాడనీ, మీ రెండు కొత్త కేసులు అలా దొరికినవేననీ అన్నాను. నవ్వుతారనుకున్నాను. తిడితే తిట్టనీ అనుకున్నాను. ఆయన రెండూ చెయ్యలేదు. ఒక మాట దగ్గర ఆగిపోయారు.

"కుడి పక్కకా?"

"కుడి పక్కకే బాబూ. నాకు తెలవదేటి ఆయన నడక."

"అది మొదట్లో. చివరి నెల అలా నడిచేవాడు కాదమ్మా." ఆయన గొంతు తగ్గించారు. "ఎడమ చెవి వినేది, కానీ అందులో నిలకడ కూడా పోయింది. రెండు వైపులా పోయినవాడు చీకట్లో ఒక పక్కకి తిరగడు. అసలు నిలబడనే లేడు. కళ్లకి గుడ్డ కడితే అక్కడికక్కడే పడిపోయేవాడు. లారీ మానెయ్యమని చెప్పాను. నీకు చెప్పొద్దని బతిమాలాడు."

"ఎడమది ఎలగ పోనాది?"

ఆయన చూపు గచ్చు మీది సుద్దగీత మీదికి పోయింది.

"చీముకి ఇచ్చిన సూదిమందు... కొందరికి అలా చేస్తుంది."

"ఆ సూదులు పొడిసింది నువ్వే కదా బాబూ?"

తల ఊపారు. నేను ఆ మనిషి మొహాన ఉమ్మి ఉండాల్సింది. ఉమ్మలేదు. నాకు ఇంకొకటి గుర్తొచ్చింది. చివరి రోజుల్లో చీకటి పడితే మా ఆయన తాయారు చెయ్యి పట్టుకుంటే గానీ పెరట్లోకి వెళ్లేవాడు కాదు. కూతురంటే ముద్దు అనుకున్నాను. దాని భుజం మీద బరువు వేసి కాళ్లీడ్చుకుంటూ వెళ్లేవాడు. ఆ అడుగు ధబ్బుమనేది కాదు. ఆ సంగతి నాకు తెలియలేదు. తాయారుకి తెలుసు.

మరి నా గడప ముందుకి నడిచి వచ్చిందెవరు? నేను ఎవరి చెవిలో నా మొగుడి పేరు పెట్టి మూడుసార్లు పిలిచాను?

తాతమ్మని చూడనే లేదు. పరిగెత్తాను.

మిట్టమధ్యాహ్నం. వీధిలో ఎండ పొడిగా కాస్తోంది. లారీల కింద మనుషులు బోల్టులు బిగిస్తున్నారు. మా తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపలికి వెళ్తే బయటి ఎండకి కళ్లు మసకబారి కాసేపు ఏమీ కనబడలేదు. తాయారు గోడకి వీపు ఆనించి కూచుని ఉంది. ఒళ్లు చల్లగా, చెక్కుచెదరకుండా ఉంది. దాన్ని లాగి గుండెలకి హత్తుకున్నాను.

"ఒసే, నిజం సెప్పు. ఆ రోజు వచ్చింది మీ నాన్నేనా?"

అడ్డంగా తల తిప్పింది.

"నాను సెప్తానంటే నోరు నొక్కీసినావు," అంది, చాలా మెల్లగా. "నాన్న అలగ నడవడు కదమ్మా."

"మరి నాన్న?"

"నాన్న వస్తన్నాడు. లెగలేకపోతన్నాడు. రోడ్డు మీద పాకతన్నాడు. ఇంకా ఘాటు దిగనేదు."

ఘాటు రోడ్డు వంపులన్నీ నాకు కళ్లముందు తిరిగాయి, వాటి మీద మోచేతులతో పాకుతున్న మనిషి... పేరు పెట్టి పిలిచేవాళ్లు లేక, ఇల్లు ఎటో తెలియక. ఆ పిలుపు నేను ఇంకొకదానికి ఇచ్చేశాను. గడప దాటించి, తలుపు గడియ పెట్టుకున్నాను.

"తాయారూ... మరి మనింట్లో ఉన్నదేటే?"

అది నా ఒళ్లోంచి లేచి నాకు ఎదురుగా మోకాళ్ల మీద నిలబడింది. చిన్న చేతులు రెండూ ఎత్తి నా రెండు చెవులూ మూసేసింది. ఎంత గట్టిగా నొక్కిందంటే నా రక్తం హోరు తప్ప నాకేమీ వినబడలేదు. అది నా వంక చూడడం లేదు. నా భుజం మీంచి వెనక్కి చూస్తోంది. పెదాలు కదులుతున్నాయి. ఏదో చెప్పింది. ఆగింది, వింది. మళ్లీ ఏదో చెప్పింది, బతిమాలుతున్నట్టు. వెనక్కి తిరుగుదామంటే నా తలని రెండు చేతులతోనూ బిగించి పట్టుకుంది.

చాలాసేపటికి, సరే అన్నట్టు తల ఊపింది. అప్పుడు నా చెవులు వదిలింది. దేనికి సరే అందో ఇప్పటికీ నాకు చెప్పదు.